నేను చెరిపేసిన ఫ్రెంచి కెమిస్టు

"డేటా దానంతటదే పోయిందండీ" అని ఎవరైనా అంటే నేను నమ్మను. ముప్పై ఏళ్లు కంప్యూటర్ల మధ్య బతికాను. వాటంతట అవి ఏమీ చేయవు. చెప్పింది చెప్పినట్టు చేస్తాయి, వాటితో వచ్చిన చిక్కంతా అదే. అయినా ఈ మాట నేనూ ఒకసారి అన్నాను. అదీ చూపు సరిగా లేని ఒక పెద్దావిడతో అన్నాను. ఈ ఉద్యోగాల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలకి పనికొస్తుందేమోనని ఆ సంగతి రాస్తున్నాను. పనికిరాకపోయినా రాస్తాను, రిటైరైనవాడికి ఇంకేం పని? పేర్లు మాత్రం ఎవరివీ రాయను. కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్లు ఫోన్ చేసి తిడతారు.

మాది ప్రొద్దుటూరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఉత్తరం రాయాలన్నా, ఇలాంటి కథ చెప్పాలన్నా నాకు తెలుగే చేతికొస్తుంది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తికమకపడతాయని లోకమంతా గంగవెర్రులెత్తిన రోజుల్లో, ఆ పుణ్యమా అని నాకు ఆస్ట్రేలియా వీసా వచ్చింది. సిడ్నీలో క్వేకర్స్ హిల్‌లో అద్దె ఇల్లు, పారమట్టాలో ఆఫీసు. పొద్దున్నే రైల్లో నాలాంటివాళ్లు పెట్టెకి పదిమంది ఉండేవారు. అందరి చేతుల్లో ఒకేరకం బ్యాగులు, అందరి మొహాల్లో ఒకటే భయం. జనవరి దాటితే మనల్ని ఉంచుతారా, పంపేస్తారా అని.

ఇప్పటివాళ్లకి తెలియదు కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. పాత కంప్యూటర్లు సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచుకునేవి. తొంభై తొమ్మిది తర్వాత సున్నా సున్నా వస్తే అది ఏ శతాబ్దమో వాటికి తెలియదు. మా కంపెనీ ఆసుపత్రుల మందుల జాబితాలు సరిచేసేది. అందుకు నేనొక రూలు రాశాను. అంకె ముప్పై దాకా ఉంటే రెండువేల లెక్క, ముప్పై దాటితే పందొమ్మిది వందల లెక్క. దానికి ఇంకో తోక కూడా తగిలించాను. మందు తయారీ తేదీ ఇంకా రాని రోజుదైతే అది టైపింగ్ తప్పే అయ్యుంటుంది, ఆ తేదీని చెరిపేసెయ్ అని. రేపు తయారయ్యే మందు ఈరోజు అరలో ఎలా ఉంటుంది? ఆ తోక చూసి మా మేనేజర్ నా భుజం తట్టాడు. నేనూ వారం రోజులు కాస్త నిటారుగానే నడిచాను.

ఆ ఆసుపత్రి పనికి కొసరుగా మా కంపెనీ ఒక చిన్న మ్యూజియం పని కూడా ఒప్పుకుంది. పాత మందుల షాపుల సీసాలు, త్రాసులు, మందు నూరే కల్వాలు పెట్టిన మ్యూజియం. మా ఆఫీసుకి పది నిమిషాల నడక, ఒక పాత భవనం పై అంతస్తు. దాన్ని చూసుకునేది డెబ్బై ఆరేళ్ల ఒక రిటైరైన ఫార్మసిస్టు. తెల్లావిడ, సన్నగా, గట్టిగా మాట్లాడేది. కళ్ల మధ్యలో చూపు పోయింది, అంచుల్లోనే మిగిలింది. నేను మొదటిసారి వెళ్లి నిలబడితే తల పక్కకి తిప్పి చూసి, "నీ చెవులు బాగా కనపడుతున్నాయి. మొహం ఎలా ఉంటుందో నువ్వే చెప్పాలి" అంది.

"మామూలుగానే ఉంటుంది మేడమ్."

"మేడమ్ అనకు. నేను గాజుపెట్టెలో పెట్టిన బొమ్మలా అనిపిస్తుంది."

మేడమ్ అనకుండా ఉండటం నాకు చేతకాలేదు. కొన్నాళ్లకి ఆంటీ అన్నాను. దానికి ఒప్పుకుంది.

ఆవిడ వయసులో ఉండగా పారమట్టాలో ఒక పాత మందుల షాపు కొన్నదట. దాని పైగదిలో ఒక రేకుపెట్టె నిండా ఉత్తరాలు దొరికాయి. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి కెమిస్టు ఒకాయన తన చెల్లెలికి రాసినవి. చెల్లెలు పెళ్లయి, నడివయసులో భర్తతో సిడ్నీకి వలస వస్తూ వాటిని వెంట తెచ్చుకుంది. ఆ చెల్లెలి మనవడిదే అంతకుముందు ఆ షాపు. ఆ కెమిస్టు పేరు మీరు ఏ పుస్తకంలోనూ చూసి ఉండరు. ఈవిడ మాత్రం ఆయన కోసం నలభై ఏళ్లు దాటాక ఫ్రెంచి నేర్చుకుంది. ఆయనకి సంవత్సరం రాసే అలవాటు లేదు. వారం, తేదీ, నెల రాసి వదిలేసేవాడు. ఈవిడ ఇరవై ఏళ్లు కూర్చుని, ఉత్తరంలో మంచు గురించి ఉందా, చెల్లెలి బిడ్డకి పళ్లొచ్చాయా, సిరా ఏ రంగు అని చూసుకుంటూ ఒక్కో ఉత్తరానికి ఒక్కో సంవత్సరం తేల్చి, ఆ సంవత్సరాన్నీ ఒక వాక్యం సారాంశాన్నీ కార్డుల మీద టైపు చేసింది. తర్వాత వాటిని ఎవరో కంప్యూటర్‌లోకి ఎక్కించారు. రెండంకెల సంవత్సరాలతో.

చూపు పోయాక ఆవిడకి ఆ కంప్యూటరే ఆధారం. అక్షరాలు అరచేయంత చేసుకుని, ఒక్కోటీ పక్కచూపుతో పట్టుకుని, ఆ వరస ప్రకారం ఆయన జీవితచరిత్ర టేపులోకి చెబుతోంది. వచ్చే చలికాలానికి ఆ కాస్త చూపూ ఉండదని డాక్టర్ చెప్పేశాడు. ఆలోగా పుస్తకం అయిపోవాలి. అప్పటికి రెండో అధ్యాయంలో ఉంది. కుర్రవాడు పారిస్ చేరి, ఒక పెద్ద ఫార్మసిస్టు దగ్గర కల్వాలు కడుగుతున్నాడు.

నేను ఆ కొసరు పనికి కొత్తగా ఏమీ రాయలేదు. ఆసుపత్రి రూలునే తెచ్చి నడిపాను. దానికో తయారీ తేదీ కావాలి కదా, ఉత్తరం రాసిన తేదీని చూపించాను. నడిపేముందు ఫ్లాపీల మీదికి కాపీ తీసుకున్నాను. నడిపాక, శుభ్రమైన కాపీ ఉండాలని మళ్లీ ఆ ఫ్లాపీల మీదికే ఎక్కించాను. కొత్త ఫ్లాపీలకి స్టోర్‌లో ఫారం నింపాలి, బద్ధకం. ఆ సాయంత్రం ఆవిడ అడిగింది, "ఈ కార్డుల బీరువా ఖాళీ చేయమని మా మ్యూజియం వాళ్లు గోల పెడుతున్నారు. ఇక తీసేయొచ్చా?" అని.

"నిశ్చింతగా తీసేయండి మేడమ్. అంతా కంప్యూటర్‌లో భద్రంగా ఉంది, నాదీ పూచీ" అన్నాను. కాగితం మీద సంతకం కూడా పెట్టాను. మర్నాడే కార్డులు పాతకాగితాల లారీ ఎక్కాయి.

సోమవారం ఆఫీసుకి ఫోన్ వచ్చింది. "మా కుర్రాడు కనపడటం లేదు" అంది ఆవిడ. ఎవరో పిల్లవాడు తప్పిపోయాడనుకుని పరిగెత్తాను. తప్పిపోయింది కెమిస్టు. కంప్యూటర్ ముందు కూర్చున్న ఐదు నిమిషాల్లో నాకు అర్థమైంది. పద్దెనిమిది వందల ముప్పై తర్వాతి ఉత్తరాలన్నీ పందొమ్మిది వందల్లోకి వెళ్లి కూర్చున్నాయి, వాటిని ఒక్క వాక్యంతో వెనక్కి తేవచ్చు. ముప్పై లోపువన్నీ రెండువేల పదిలోనో పద్దెనిమిదిలోనో రాసినవైపోయాయి. ఇంకా తయారుకాని మందులు. నా తోక వాటి తేదీల్ని తుడిచిపెట్టింది. నలభైకి పైగా ఉత్తరాలు, ఆయన చదువు, ప్రేమ, మొదటి షాపు, యవ్వనమంతా, ఏ వరసా లేకుండా ఒక కుప్పై పడి ఉన్నాయి.

"ఏమైంది?" అంది ఆవిడ.

నా నోటి వెంట వచ్చిన మాట ఇది: "పాత డేటా కదా మేడమ్. ఒక్కోసారి దానంతటదే పాడవుతుంది."

ఆవిడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "ఇప్పుడు నేను మళ్లీ ఆ చేతిరాత ఉత్తరాలు చదవలేను" అంది, ఏడవకుండానే. ఏడ్చి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

ఆఫీసులో పక్క సీటు మిత్రుడిది కరీంనగర్. వాడికొక్కడికే చెప్పాను. "అన్నా, గిప్పుడు నోరు తెరిస్తె నీ కాంట్రాక్ట్ గోవిందా. జనవరిల రెన్యువల్ ఉన్నది. కరప్ట్ అయిందని చెప్పినవ్ గద, అయిపాయె. సైలెంట్‌గ ఉండు" అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను. ఆమె రొట్టెలు చేస్తూ వింది.

"ఆ యమ్మ కండ్లు కనపడక నిన్ను నమ్మె. నువ్వేమో కంప్యూటర్ మీదికి తోస్తివి. అది నోరు లేంది కాబట్టి సరిపాయె" అంది.

"వీసా పోతే ఏం చేస్తాం?"

"పోతే పోతాం. రేపు సాయిబులంతా రోజా ఉంటారు, నువ్వూ ఉంటావు. అబద్ధం కడుపులో పెట్టుకోని యాడ ఉంటావు రోజా?"

ఆ ఏడు రంజాన్ నెల డిసెంబరులో వచ్చింది. ఇక్కడ అది నడి వేసవి, రాత్రి ఎనిమిది దాటితే గాని పొద్దు గూకదు. నాకు చెప్పే ధైర్యం రాలేదు. ఒకటి మాత్రం తోచింది. రోజా ఉన్నవాడికి మధ్యాహ్నం భోజనం ఉండదు, భోజనం గంట ఖాళీ. మర్నాడు ఒంటిగంటకి మ్యూజియం మెట్లెక్కి, "ఉత్తరాలు నేను చదివి పెడతాను ఆంటీ" అన్నాను.

"నీకు ఫ్రెంచి వచ్చా?"

"రాదు. ఏబీసీడీలు వచ్చు."

అలా మొదలైంది. నేను ఒక్కో అక్షరం చెప్పాలి, ఆవిడ కళ్లు మూసుకుని వాటిని కూర్చుకోవాలి. అక్షరాల నెత్తిన ఉండే గీతల్ని ఏమనాలో నాకు తెలియదు. వాలుగీతని తలకట్టు అన్నాను, మడత గీతని గొడుగు అన్నాను. రెండు రోజుల్లో ఆవిడే, "ఆగు, అక్కడ తలకట్టు ఉండాలే, సరిగా చూడు" అనడం మొదలుపెట్టింది. నాలుగైదు అక్షరాలకే పదం తట్టేది. తట్టినప్పుడు చిన్నపిల్లలా బల్ల మీద కొట్టేది. గంటకి అర పేజీ అయ్యేది. అయితే చాలా ఉత్తరాల్ని నాలుగు వాక్యాలకే ఆవిడ గుర్తుపట్టేది, మిగతాది చదవనక్కర్లేకపోయేది. మొదటిరోజు నాకు టీ, బిస్కెట్లు పెట్టింది. నేను రోజా సంగతి చెప్పాక ఇంకెప్పుడూ నా ముందు టీ తాగలేదు. నా అడుగుల చప్పుడు వినగానే కప్పు సొరుగులోకి తోసేది. ఒకరోజు అది లోపల ఒలికి సొరుగంతా టీ అయింది. వెళ్లేటప్పుడు నాలుగు బిస్కెట్లు కాగితంలో చుట్టి, "పొద్దు గూకాక" అని చేతిలో పెట్టేది.

అక్షరం అక్షరంగా ఆ ఫ్రెంచాయన నాకు పరిచయమయ్యాడు. కొవ్వొత్తులు అమ్మేవాడి కొడుకు. పదహారేళ్లకి పారిస్ చేరాడు. మొదటి ఏడాది కల్వాలు కడగడమే. చేతులకి ఎప్పుడూ కర్పూరం వాసనేనని, ఆ వాసనకి వీధికుక్కలు కూడా దూరం జరుగుతున్నాయని చెల్లెలికి రాశాడు. షాపుకి గులాబీ పన్నీరు కోసం ఒకమ్మాయి వచ్చేదట. సీసా సగం కూడా అవకముందే మళ్లీ నింపమని వచ్చేదట. "అంత పన్నీరు ఏం చేసుకుంటుందో" అని అమాయకంగా రాశాడు. ఆంటీ నవ్వి, "ఇంత కెమిస్ట్రీ చదివాడు, ఇది మాత్రం తెలియలేదు వీడికి" అంది. తర్వాత ఆ అమ్మాయినే చేసుకున్నాడు.

నేను చేయగలిగింది ఇంకొకటి ఉంది. ప్రతి ఉత్తరం మీదా వారం, తేదీ, నెల ఉన్నాయి కదా. ఫలానా తేదీ మంగళవారం అయ్యే సంవత్సరాలు ఇరవై ఏళ్లలో మూడో నాలుగో ఉంటాయి. ఇంట్లో కూర్చుని ఆ ఇరవై ఏళ్ల క్యాలెండరంతా లెక్కగట్టే చిన్న ప్రోగ్రాం రాసి, పంచెంత పొడుగు కాగితం మీద ప్రింటు తీసి పట్టుకెళ్లాను. నేను మూడు సంవత్సరాలు చెబితే ఆవిడ ఒకటి ఏరేది. "ఆ ఏడు చెల్లెలికి ఇంకా పెళ్లి కాలేదు, అది కాదు. తర్వాతది." ఇరవై ఏళ్ల పని కొన్ని వారాల్లో తిరిగి లేస్తోంది. నా ధైర్యం మాత్రం లేవలేదు. రోజూ మెట్లెక్కేటప్పుడు ఇవాళ చెప్పేస్తాననుకునేవాణ్ని. దిగేటప్పుడు రేపు అనుకునేవాణ్ని.

క్రిస్మస్ ముందు వారంలో ఒక పొడుగు ఉత్తరం వచ్చింది. దానికి మూడు రోజులు పట్టింది. అప్పటికి ఆయన జ్వరానికి వాడే ఒక చెట్టు బెరడు నుంచి అసలు మందు విడదీయాలని చూస్తున్నాడు. బెరడు ఉడికించడం, వడకట్టడం, కింద మిగిలిన మడ్డిని ఎండబెట్టి పొడి చేయడం. పొడి ఎంత తెల్లగా వస్తే గురువు అంత మెచ్చుకునేవాడు. పదకొండు నెలలు అలాగే చేశాడు. తెల్లటి పొడి ఎవరి జ్వరాన్నీ తగ్గించలేదు. ఒకరోజు, పారబోసిన నీళ్లు పడేచోట పెరట్లో మేక గడ్డి ముట్టడం లేదని గమనించి, ఆ గడ్డిపరక నోట్లో పెట్టుకున్నాడు. విషంలా చేదు. తను వెతుకుతున్నదాన్ని పదకొండు నెలలుగా తన చేత్తోనే పారబోశాడు.

మూడోరోజు చివరి వాక్యాలు మిగిలాయి. నేను అక్షరాలు చెప్పాను. ఆవిడ కూర్చుకుని, నాకోసం ఇంగ్లీషులో చెప్పింది. "ఈరోజు టిఫిను చేయకముందే గురువుగారికి చెప్పేశాను. తిన్నాక అయితే చెప్పకపోవడానికి ఏదో ఒక కారణం దొరికేది."

నా కడుపు పొద్దున్నుంచీ ఖాళీగానే ఉంది. నేను ఉత్తరం బల్ల మీద పెట్టాను.

"ఆంటీ, డేటా దానంతటదే పోలేదు. నేను చెరిపాను. మందుల కోసం రాసిన రూలు మీ ఉత్తరాల మీద నడిపాను. కాపీ మీద కాపీ ఎక్కించాను. చూసుకోకుండానే కార్డులు తీసేయమన్నాను. ఇదంతా నాకు ఆ సోమవారమే తెలుసు." సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆవిడ బల్ల మీద తడుముకుని నా చెయ్యి దొరకబుచ్చుకుంది. "నాకూ ఆ సోమవారమే తెలుసు" అంది.

"ఎలా?"

"నలభై ఏళ్లు మందులు కలిపాను. తేమ తగిలి పాడైతే అక్కడక్కడా పాడవుతుంది. సరిగ్గా ముప్పై దగ్గర గీత గీసినట్టు ఆగిందంటే ఆ కొలత మనిషిది. ఆ మనిషి నువ్వో కాదో మాత్రం తెలియదు. మర్నాడు భోజనం గంట వదులుకుని ఇక్కడికి వచ్చావు చూడు, అప్పుడు తెలిసింది."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెబుతావని. ఇంకో సంగతి కూడా ఉందిలే. అడిగితే నువ్వు సిగ్గుపడి రావడం మానేస్తావేమోనని భయం."

తిరిగి ఆఫీసుకి వెళ్లి, కుర్చీలో కూర్చుంటే కారణం దొరుకుతుందని భయపడి, నిలబడే మేనేజర్‌కి చెప్పేశాను. ఆయన ముందు నిట్టూర్చాడు. తర్వాత ఉన్నట్టుండి కాగితాలు వెతికాడు. ఆ వారాంతంలో ఒక ఆసుపత్రి రోగుల జాబితా మీద అదే రూలు నడవాల్సి ఉంది, పుట్టిన తేదీల మీద. డెబ్బై ఏళ్లకి అటూ ఇటూ ఉన్నవాళ్ల నుంచి పెద్ద వయసు వాళ్లందరూ ఇంకా పుట్టనివాళ్లై తుడుచుకుపోయేవారు. వాళ్లలో మా ఆంటీ కూడా ఉండేది. రూలు ఆపారు. నాకు శాలువాలేమీ కప్పలేదు లెండి. ఏడాది కాంట్రాక్టు మూడు నెలలకి కుదించారు, కొత్త సంవత్సరం రోజు డ్యూటీ జట్టులోంచి తీసేశారు. మా కరీంనగర్ మిత్రుడు, "చెప్పిన గదనే అన్నా" అని, మళ్లీ వాడే నా కోసం ఇంకో కంపెనీలో మాట్లాడి పెట్టాడు.

కొత్త సంవత్సరం వచ్చింది. లోకం కూలలేదు. రంజాన్ పండగకి రెండ్రోజుల ముందు చివరి ఉత్తరానికి వరస కుదిరింది. ఒక్కటి మాత్రం తేలలేదు, రెండు సంవత్సరాలకీ సరిపోతోంది. ఏదో ఒకటి వేసేద్దామన్నాను, ఖాళీ అంటే మా కంప్యూటర్ జాతికి పడదు. "తెలియనిది తెలియదనే రాయి" అంది ఆంటీ. పండగరోజు మా ఆవిడ సేమియా పాయసం చేసి, తనే స్వయంగా తీసుకెళ్లి ఇచ్చింది. ఇద్దరూ నా గురించి ఏం మాట్లాడుకున్నారో ఇప్పటికీ చెప్పదు.

ఆ చలికాలానికి ఆవిడ చూపు పూర్తిగా పోయింది. పుస్తకం అంతకు మూడు వారాల ముందే అయిపోయింది. గొప్ప పుస్తకమని ఎవరూ అనలేదు. ఆ కెమిస్టు కూడా గొప్పవాడేమీ కాదు. చేదు నీళ్లలోంచి ఆయన మందు తీసేలోపు పారిస్‌లో వేరేవాళ్లు తీసి అచ్చు వేసేశారు. ఆయన సొంతూరు వెళ్లి షాపు పెట్టుకుని, ఎనభై దాటేదాకా చిత్తడి నేలల పక్క పల్లెలకి ఆ మందే కలిపి పంచుతూ బతికాడు. ప్రతి కొత్త పనివాడికీ ఆ మేక కథ చెప్పేవాడట.

కొన్నేళ్లకి ఆంటీ మా క్వేకర్స్ హిల్‌లోనే ఒక వృద్ధుల నివాసంలో చేరింది. నేను ఆదివారాలు వెళ్లేవాణ్ని. ఆవిడకి చెప్పకుండా రెండేళ్లు సాయంకాలం క్లాసులకి వెళ్లి ఫ్రెంచి నేర్చుకున్నాను. ఒక ఆదివారం పుస్తకం తీసి, అందులో అచ్చువేసిన ఆయన మొదటి ఉత్తరాన్ని, పారిస్ చేరిన వారానికి రాసినదాన్ని, ఎక్కడా ఆగకుండా గడగడా చదివాను. ఐదు నిమిషాల్లో అయిపోయింది. మెప్పు కోసం చూశాను.

ఆవిడ చాలాసేపు నవ్వుతూనే ఉంది. "చాలా బాగా చదివావు. నాకన్నా బాగా" అంది. తర్వాత చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. "కానీ ఇలా వద్దు. ఇదివరకటిలా అక్షరం అక్షరం చెప్పు. అప్పుడు ఎక్కువసేపు ఉంటావు."

నేను మళ్లీ మొదటి పేజీకి తిప్పాను. మొదటి అక్షరం చెప్పాను. దాని మీద తలకట్టు ఉందని కూడా చెప్పాను.